బొమ్మ ఓడకి పొగ పెడదాం రండి

ఆర్‌సీ కార్లు, డ్రోన్లు మనకి కొత్తేం కాదు. రిమోట్‌తో నడిచే పడవల పిచ్చి మాత్రం మన దగ్గర ఇంకా తక్కువే. నెలల తరబడి కూర్చుని, కిటికీలు, నిచ్చెనలు, లంగరు గొలుసుతో సహా అంతా చేసి నీళ్లలో వదిలినా, వీడియో చూసినవాళ్లు రెండు సెకన్లలో "బొమ్మే" అనేస్తారు. స్టీమర్ మోడల్ అయితే మరీను. ఎందుకంటే పొగగొట్టం ఉంటుంది, పొగ ఉండదు. అదే గొట్టంలోంచి సన్నగా తెల్లటి చార ఒకటి లేచి వెనక్కి వాలిందనుకోండి, ఆ చిన్న చిన్న తప్పులేవీ ఎవరికీ కనిపించవు.

నేను చేస్తున్నది 'జల ఉష'. పేరు విననివాళ్ల కోసం రెండు ముక్కలు. విశాఖపట్నంలో సింధియా కంపెనీ యార్డుకి 1941లో శంకుస్థాపన జరిగింది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు నెలలకి, 1948 మార్చి 14న, అక్కడ కట్టిన జల ఉషని నెహ్రూ నీళ్లలోకి వదిలారు. స్వతంత్ర భారతంలో తయారై బయటికొచ్చిన తొలి స్టీమర్‌గా దానికి పేరు. ఆ యార్డే 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. వైజాగ్‌లో పుట్టి పెరిగినవాడిని కదా, టైటానిక్ కంటే నాకు ఇదే ముద్దు. (టైటానిక్ చేసేవాళ్లకి ఓ మాట. నాలుగు గొట్టాల్లో బాయిలర్ల పొగ వచ్చేది మూడింట్లోంచే. నాలుగోది ముఖ్యంగా గాలి ఆడటానికి. నాలుగింట్లోంచీ ఒకేలా పొగ వదిలితే తెలిసినవాళ్లు నవ్వుకుంటారు.)

ఈ పొగ విషయంలో నాకు ఇంకో లెక్క కూడా ఉంది. మా అక్క కూతురికి ఎనిమిదేళ్లు. ఉబ్బసం ఉంది, ఇన్‌హేలర్ బ్యాగులోనే ఉంటుంది. "పొగ రాకపోతే అది ఓడెలాగ అవుద్ది మామయ్యా?" అని అడిగింది కూడా తనే. ఓడ ఒడ్డుకి రాగానే గొట్టంలోకి మొహం పెట్టి చూసే మొదటి మనిషి కూడా తనే అవుతుంది. కాబట్టి ఏ పద్ధతి ఎంచుకున్నా, ముందు దాని ఊపిరి సంగతి చూడాలి.

పాత పద్ధతి వేడి పొగ. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, నీళ్లు కలిపిన ద్రవంలో వత్తి ముంచి, దానికి నైక్రోమ్ తీగ చుట్టి కరెంటు ఇస్తారు. పెళ్లిళ్లలో డీజే పక్కన పెట్టే స్మోక్ మిషన్ సూత్రమే ఇది. 0.2 మి.మీ. మందం నైక్రోమ్ తీగ మీటరుకి సుమారు 34 ఓమ్‌ల నిరోధం ఇస్తుంది. 20 సెం.మీ. ముక్కకి 7 ఓమ్‌లు. 7.4 వోల్టుల లిథియం బ్యాటరీకి కలిపితే ఒక ఆంపియర్ పైచిలుకు, అంటే దాదాపు 8 వాట్లు. చిన్న గొట్టానికి అది చాలు. విదేశాల్లో చాలామంది ఈ తీగ చుట్టే పని మానేసి, వేప్ సిగరెట్ల కాయిల్ తెచ్చి పెట్టేస్తారు. మన దగ్గర 2019 చట్టంతో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధం. ఆ దారి వైపు వెళ్లకండి.

చూడటానికి మాత్రం వేడి పొగే అందం, ఒప్పుకోవాల్సిందే. వేడిది కాబట్టి తనంతట తనే లేస్తుంది, మెలికలు తిరుగుతుంది. చిక్కల్లా వత్తి ఆరిపోయినప్పుడు. ద్రవం అయిపోయి తీగ మరీ వేడెక్కితే గ్లిజరిన్ విరిగి ఆక్రోలిన్ అనే ఘాటు వాయువు వస్తుంది. నూనె మాడితే కళ్లు మండుతాయి చూడండి, అందులో ఉండేదీ అదే. మామూలు మనిషికే గొంతు పట్టేస్తుంది, ఇక ఉబ్బసం ఉన్న పిల్ల సంగతి చెప్పక్కర్లేదు. పైగా ఎర్రగా కాలిన తీగ, లిథియం బ్యాటరీ, ప్లాస్టిక్ ఓడ మూడూ ఒకే డబ్బాలో పడతాయి. అదీ ఒడ్డుకి ఇరవై మీటర్ల దూరంలో. ఇంకోటి, కార్ కూలెంట్‌లోనూ గ్లైకాలే ఉంటుంది కదా అని అది పోసేరు! అందులో సాధారణంగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, విషం.

అందుకే నేను చల్లటి దారి పట్టా. అంటే నీటి తుంపర.

అసలు ఆవిరి కంటికి కనిపించదు. ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేటప్పుడు దూరం నుంచే గమనించండి, రంధ్రం అంచున కాస్త మేర ఏమీ కనబడదు, ఆ తర్వాతే తెల్లగా మొదలవుతుంది. ఆ తెలుపు చల్లబడి చుక్కలైన నీళ్లు. అంటే నీళ్లని బాగా చిన్న చుక్కలు చేయగలిగితే చాలు, మరిగించక్కర్లేదు. ఆ పని చేసేవే టేబుల్ మీద పెట్టుకునే చిన్న హ్యుమిడిఫయర్లలో ఉండే పియెజో బిళ్లలు. ఇవి రెండు రకాలు. 24 వోల్టులది నీళ్లలో మునిగి ఉండి సెకనుకి 17 లక్షల సార్లు కంపిస్తుంది, మూడు మైక్రాన్ల చుక్కలు చేస్తుంది, తుంపర దండిగా వస్తుంది. కానీ దాని మీద ఎప్పుడూ నీళ్లుండాలి. ఓడ ఒక పక్కకి ఒరిగి బిళ్ల బయటపడిందా, క్షణాల్లో పాడైపోతుంది. పైగా లోపల కప్పుడు నీళ్లు అటూ ఇటూ ఊగితే ఓడ నిలకడే దెబ్బతింటుంది.

రెండోది జల్లెడ బిళ్ల. మధ్యలో కంటికి కనిపించనంత సన్నటి రంధ్రాలు, వెనక దూది వత్తి, 5 వోల్టులు, రెండు వాట్లు. తుంపర తక్కువే అయినా ఓడ ఎటు ఒరిగినా దీనికి పట్టదు. అలాంటివి రెండు పెట్టా. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే దొరుకుతాయి, "హ్యుమిడిఫయర్ బోర్డు" అంటే చాలు. బుల్లి బ్లోయర్, ఆర్డునో నానోతో కలిపినా నా ఖర్చు వెయ్యి దాటలేదు.

ఇప్పుడు అసలు తలనొప్పి. ఈ తుంపర పైకి లేవదు! చుక్కలు ఆరుతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. చల్లగాలి బరువు. దాంతో గొట్టం అంచు దాటగానే, పెళ్లి స్టేజి మీద డ్రై ఐస్ పొగలా కిందికి జారి డెక్ మీద పరుచుకుంటుంది. ఓడ పొంగిన పాలగిన్నెలా కనిపిస్తుంది. వేడి చేస్తే లేస్తుంది కదా అంటారా? వేడి చేస్తే చుక్కలు ఆరిపోతాయి, ఇక చూడ్డానికేం మిగలదు. మిగిలిన దారి గాలితో నెట్టడమే.

నెట్టడంలో ఒక కిటుకుంది. బ్లోయర్‌ని తుంపర దారిలో పెట్టొద్దు. పెడితే రెక్కలకి తగిలి మళ్లీ నీళ్లే అవుతుంది, మోటారూ తడుస్తుంది. బ్లోయర్ బయటి గాలి పీల్చి గదిలోకి ఊదాలి, ఆ గాలి తుంపరని గొట్టంలోంచి మోసుకుపోవాలి. గది అంటే మరేం లేదు, ప్లంబర్ వాడే రెండంగుళాల పీవీసీ పైపు ముక్క, రెండు మూతలు. లోపల మలుపులు ఎన్ని తక్కువుంటే అంత మంచిది, ప్రతి మలుపు దగ్గరా కొంత తుంపర గోడకి అంటుకుని కారిపోతుంది. కారిన నీళ్లు మళ్లీ వత్తి దగ్గరికే చేరేలా కింద కాస్త వాలు ఇవ్వండి.

వాతావరణం కూడా చూసుకోవాలి. మే నెల హైదరాబాద్‌లో మధ్యాహ్నం పూట పొగ జానెడు కూడా లేవకుండానే గాలిలో కలిసిపోతుంది, అంత పొడి. అదే ఓడ, అదే సెట్టింగ్, వైజాగ్‌లో ఉక్కపోత సాయంత్రం పెడితే పొగ ఓడ వెనక మూరెడు దాకా సాగింది. మా ఊరి ఉక్కపోతని మెచ్చుకోవడం జీవితంలో అదే మొదటిసారి.

నీళ్లే కదా, పిల్లలకి ఏమవుతుందిలే అనుకోకండి. బోరు నీళ్లు పోస్తే అందులోని ఉప్పులన్నీ చుక్కలతో పాటే గాలిలోకి వస్తాయి, ఊపిరితిత్తుల్లోకీ వెళ్తాయి. జల్లెడ రంధ్రాలు కూడా పూడుకుపోతాయి. అందుకని డిస్టిల్డ్ వాటరే పోయాలి. అక్కడితో అయిపోలేదు. ఉబ్బసం నిర్ధారించడానికి డాక్టర్లు చేసే పరీక్షల్లో ఒకటుంది. అల్ట్రాసోనిక్ యంత్రంతో డిస్టిల్డ్ వాటర్‌నే తుంపర చేసి పీల్పిస్తారు. ఉబ్బసం ఉన్నవాళ్లలో చాలామందికి శ్వాసనాళాలు బిగుసుకుంటాయి, దాన్ని కొలుస్తారు. అంటే ఏ కల్తీ లేని నీళ్లయినా, చిక్కటి తుంపరగా మొహానికి దగ్గరగా వస్తే మా పిల్లలాంటి వాళ్లకి ఇబ్బందే. ఇది చదివాక నేను నీళ్ల సంగతి వదిలేసి దూరం సంగతి పట్టుకున్నా.

దూరాన్ని కోడ్‌తో కట్టేయొచ్చు. రిసీవర్ సెకనుకి 50 సార్లు ఒక పల్స్ పంపుతుంది. 1500 మైక్రోసెకన్లంటే ఆగి ఉంది, 2000 అంటే ఫుల్ స్పీడ్. ఆర్డునో ఆ పల్స్ చదివి, 1550 దాటితేనే బిళ్లలు ఆన్ చేస్తుంది. ఓడ నడుస్తుంటేనే పొగ, అంటే పిల్ల మొహానికి దూరంగా నీళ్ల మధ్యలో ఉన్నప్పుడే పొగ. థ్రాటిల్ తగ్గించగానే బిళ్లలు ఆగిపోతాయి, గొట్టంలో మిగిలింది పోయేదాకా ఐదు సెకన్లు బ్లోయర్ మాత్రం తిరుగుతుంది. సిగ్నల్ పోయినా అంతే. నేను చివరి పది మీటర్లు ఊపు మీదే ఓడని ఒడ్డుకి తెస్తా, అది వచ్చేసరికి గొట్టంలో ఏమీ ఉండదు. ఇక వేగాన్ని బట్టి పొగ పెరగడానికి బిళ్లల పవర్ మార్చకూడదు, వాటి డ్రైవర్ బోర్డుకి ఆన్, ఆఫ్ రెండే తెలుసు. మార్చాల్సింది బ్లోయర్ వేగం. అది కూడా టకీమని మారకుండా రెండు మూడు సెకన్లు ఆలస్యంగా పెరిగేలా రాయండి. పెద్ద ఓడల్లో ఏదీ వెంటనే జరగదు కదా.

వీడియో తీసేటప్పుడు సూర్యుడు మీ వెనక కాకుండా ఓడ వెనక ఉండాలి. తుంపర వెలుగుని ముందుకే ఎక్కువ చిమ్ముతుంది కాబట్టి ఎండకి ఎదురుగా చూస్తేనే మెరుస్తుంది. వెనక చెట్ల నీడలాంటి చీకటి ఉంటే ఇంకా బాగుంటుంది. నల్లపొగ కావాలని నీళ్లలో రంగు కలపకండి, చుక్కలు తెల్లగానే కనిపిస్తాయి, జల్లెడ మాత్రం పోతుంది. అత్తరు, నూనె చుక్కలు కూడా వద్దు. ఇంటికి రాగానే మిగిలిన నీళ్లు పారబోసి, వత్తి తీసి ఎండలో ఆరేయండి. తడి వత్తిని వారం పాటు మూతేసి ఉంచితే, మళ్లీ స్విచ్ వేసినప్పుడు దాంట్లో పెరిగిన క్రిములు కూడా పొగతో పాటే బయటికొస్తాయి.