పట్టిన వాయువు ఎంతకాలము నిలుచును?

సున్నపుబట్టీ పని మన రైతులకు క్రొత్తది కాదు. శుద్ధమైన సున్నపురాతిని కాల్చునపుడు తూకమున 100 పాళ్లకు 44 పాళ్లు బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలియును. దీనినే కార్బన్ డయాక్సైడు అందురు. మిగిలిన సున్నమును తడిపి గోడకు పూసినచో, అది గాలినుండి ఆ వాయువునే మరల గ్రహించి క్రమముగా రాయివలె గట్టిపడును. కావున వాయువు ఘనపదార్థమగుట వింత గాదు.

బొగ్గు, పెట్రోలు మొదలగువానిని కాల్చుటవలన ఈ వాయువు హెచ్చి భూమి వేడెక్కుచున్నది. దానిని పట్టి బంధించు ఉపాయములు నేడు పెక్కు గలవు. ప్రతి ఉపాయమును గూర్చియు మనము అడుగదగిన ప్రశ్న యొకటి యున్నది: ఆ బంధము ఎంతకాలము నిలుచును?

మనము చల్లు యూరియా ఈ వాయువును అమ్మోనియాతో కలిపి చేసినదే. 60 పాళ్ల యూరియాకు 44 పాళ్ల వాయువు పట్టును. కాని పొలమున చల్లిన కొలదిదినములలోనే అది విడిపోయి, నత్రజని పైరునకు అందును. వాయువు చాలవరకు తిరిగి గాలిలో కలియును. ఎరువుగా యూరియా ఉపయోగము గొప్పదే. వాయువునకు మాత్రము అది మజిలీయే గాని నివాసము కాదు.

ఐస్లాండు దేశమున హెల్లిషెయిది విద్యుత్కేంద్రమువద్ద 2012లో ఈ వాయువును నీటిలో కరగించి భూగర్భమున నున్న బసాల్టు అను నల్లరాతిలోనికి పంపిరి. రెండేండ్లలోపుననే నూటికి 95 పాళ్లకు పైగా రాయిగా మారెనని 2016లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఇది స్థిరమైన బంధము. అయితే దీనికి విస్తారమైన నీరును, యంత్రములును, ధనమును కావలెను. ఇది రైతు చేయగల పని గాదు.

రైతు చేయగల పని వేరొకటి గలదు. పైరు ఈ వాయువును పీల్చియే కాండమును పెంచును. ప్రత్తికట్టెను, కందికట్టెను పొలమున తగులబెట్టినచో అది యంతయు మరల పొగయై పోవును. గోతిలోనో, ఇనుపపీపాలోనో గాలి తక్కువగా తగులునట్లు కాల్చి, బూడిద కాకముందే నీటితో ఆర్పినచో బొగ్గు మిగులును. అందు చాలభాగము నేలలో వందల యేండ్లు చెడక నిలువగలదు. దానిని పొడిచేసి పశువుల యెరువుతో కలిపి మాగనిచ్చి చల్లవలెను. క్రొత్తబొగ్గును ఒంటిగా చల్లినచో పైరునకు అందవలసిన నత్రజనిని కొంతకాలము పట్టియుంచవచ్చును. ఇది యెరువునకు బదులు గాదు. ఫలితము నేలనుబట్టి మారును. చవుడునేలలకు ఇది సాధారణముగా తగదు. కావున ముందు చిన్నమడిలో పరీక్షింపవలెను. పశుగ్రాసమును, వంటచెరకును దీనికై వెచ్చింపరాదు.

ఒక్కొక్కరు పీపా కొనుటకంటె సంఘము ఒకటి కొని వంతులవారీగా సభ్యుల కిచ్చుట మేలు. రాబోవు కోతల తరువాత కట్టెకు నిప్పు పెట్టకముందే సభ్యులు ఈ విషయమును సంఘసమావేశమున చర్చింతురని ఆశించుచున్నాము.