మత్తు డాక్టరు కులం ఎందుకడుగుతారు?

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు మమ్మల్ని 'మీరు వైశ్యులా?' అన్నారు. వైద్యానికి కులంతో పనేమిటండీ?" ఆవిడ కోపం సబబే. కానీ ఆ ప్రశ్న వెనకున్న రసాయనం మహా సొగసైనది.

పూర్తి మత్తు ఇచ్చినప్పుడు శ్వాసనాళంలో గొట్టం వేయాలంటే కండరాలు వదులవ్వాలి. అందుకు వాడే మందుల్లో ఒకటి సక్సామిథోనియం. థియేటర్లో దాన్ని స్కోలిన్ అంటారు. నిమిషంలో ఎక్కుతుంది, ఐదు పది నిమిషాల్లో దిగిపోతుంది. ఆ దిగడంలోనే ఉంది కథంతా.

కండరానికి నాడి పంపే ఆజ్ఞ అసిటైల్‌కోలిన్ అనే అణువు. ఆజ్ఞ అందిన మరుక్షణమే అక్కడ కాచుకున్న ఎంజైము దాన్ని ముక్కలు చేస్తుంది, కండరం మళ్లీ సిద్ధమవుతుంది. స్కోలిన్ అంటే అలాంటి అణువులు రెండు కలిసి అతుక్కున్నదే. కండరం దాన్నీ ఆజ్ఞే అనుకుంటుంది, కానీ అక్కడి ఎంజైముకు అది కొరుకుడు పడదు. తాళంచెవి తిరిగాక అందులోనే ఇరుక్కుపోయినట్టవుతుంది. ఒళ్లంతా ఒకసారి అదురుతుంది, ఆ పైన ఏ ఆజ్ఞా అందక కండరాలు చచ్చుబడతాయి. దీన్ని విరగ్గొట్టేది కాలేయంలో తయారై రక్తంలో తిరిగే మరో ఎంజైము, బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్. సూదితో ఎక్కించిన మందులో చాలా భాగం కండరాన్ని చేరకముందే దానికి బలైపోతుంది. డాక్టర్లు మోతాదు లెక్క కట్టేది ఆ నష్టాన్ని కలుపుకునే! ఈ ఎంజైము పనిచేయని మనిషిలో మోతాదంతా కండరాల మీద పడుతుంది. సొంత ఊపిరి గంటల తరబడి తిరిగి రాదు. చిత్రమేమిటంటే, స్కోలిన్ జోలికి పోనంతవరకూ ఆ మనిషికి ఏ లోటూ తెలియదు.

ఈ మందు 1906లోనే రీడ్ హంట్, రెనే టావో చేతుల్లో ఉంది. వాళ్ల ధ్యాసంతా రక్తపోటు మీద. పైగా జంతువులకు ముందే కురారే ఇచ్చి కదలకుండా చేశారు. చచ్చుబడిన కండరం మళ్లీ చచ్చుబడితే ఎవరికి కనబడుతుంది? అసలు గుణం డానియెల్ బోవె 1949లో చెప్పేదాకా బయటపడలేదు. 1951లో వాడకం మొదలైంది. కొందరు ఊపిరి తీయకపోవడంతో, కాలేయ జబ్బుతోనో పోషకాహార లోపంతోనో ఎంజైము తగ్గిందన్నారు. టొరంటోలో వెర్నర్ కాలో మాత్రం తగ్గిందా, అసలు ఎంజైమే వేరా అని అనుమానించాడు. ఈ ఎంజైమును అణచే డిబుకెయిన్ అనే మందు కలిపి చూశాడు. మామూలు ఎంజైము పని సుమారు 80 శాతం అణిగింది, ఈ రోగులదైతే 20 శాతమే. అంటే ఎంజైమే వేరు, అది తల్లిదండ్రుల నుంచి వచ్చింది. 1957 నాటి ఆ పరీక్ష నా దృష్టిలో వైద్యంలోని అందమైన ప్రయోగాల్లో ఒకటి.

ఇక వైశ్యుల మాట. వారిలో ఈ ఎంజైము 307వ స్థానంలో లూసిన్‌కు బదులు ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఉండే మార్పు ఉందని 2006లో ప్రచురితమైంది. ఈ లోపం వారిలో ఇతరులకన్నా దాదాపు వంద రెట్లు ఎక్కువని హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పాలుపంచుకున్న 2017 అధ్యయనం చెప్పింది. వెంటనే మేనరికాన్ని తప్పుపట్టేవాళ్లున్నారు. అది సగమే నిజం. వేల ఏళ్ల కిందటి కొద్దిమంది మూలపురుషుల, స్త్రీల సంతతి తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ లక్షలైంది. అందుకే ఏ చుట్టరికమూ లేని వధూవరుల దగ్గరా అదే మార్పు ఉండవచ్చు. గోత్రం చూసినా లాభం లేదు. గోత్రం తండ్రి వైపే నడుస్తుంది, మూడో క్రోమోజోము మీది ఈ జన్యువు తల్లి వైపు నుంచీ వస్తుంది.

తెలిశాక జాగ్రత్త సులువే. రోక్యురోనియం లాంటి వేరే మందు వాడతారు. తెలియక స్కోలిన్ ఇచ్చినా, రోగిని నిద్రలోనే ఉంచి వెంటిలేటర్ నడిపిస్తే ప్రభావం దానంతటదే పోతుంది. స్పృహ వచ్చి, కదల్లేక పడి ఉండటమే నరకం. కులం అడగడం మొరటు పద్ధతి. ఎంజైమును కొలిచే రక్తపరీక్ష ఉండగా ఆ ప్రశ్నతో సరిపెట్టడం నాకు నచ్చదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యమై ఉంటే ఆ డిశ్చార్జ్ కాగితం పారేయకండి. కారణం ఈ ఎంజైము లోపమే అయితే తోబుట్టువులకూ అది ఉండే అవకాశం నాలుగింట ఒకటి. రక్తపరీక్ష చేయించుకొని, ఆ కాగితం మత్తు డాక్టరుకు ముందే చూపించండి.