బోరులో పడేదీ ఏటి నీరే

పెన్న, చిత్రావతి, పాపాఘ్ని ఏళ్లలో ఒకప్పుడు ఎండాకాలంలోనూ ఇసుకలో చెలమ తవ్వితే పక్కల నుంచి నీరు ఊరి గుంట నిండేది. రాయలసీమ రైతులు ఆ ఊటకే ఇసుకలో కాలువ తీసి, వాలు వెంట పొలాలకు మళ్లించుకున్నారు. అవే ఊటకాలువలు. పైకి ఏరు ఎండినట్టున్నా ఇసుక కింద, గట్ల వెనక నీరు కదులుతూనే ఉంటుందని వాళ్లకు తెలుసు. బోర్లు పెరిగాక చాలాచోట్ల ఆ ఊటలు ఆగిపోయాయి. ఇసుక తవ్వకాలూ తోడయ్యాయి. అయినా అసలు పొరపాటు భూగర్భజలానికి ఒక లెక్క, ఏటికి ఇంకో లెక్క రాయడంలోనే ఉంది.

అమెరికా జలశాస్త్రవేత్త చార్లెస్ థైస్ 1940లోనే దీన్ని తేల్చి చెప్పాడు. బోరు తోడే నీరు మూడు దారుల్లోనే రావాలి: నేలలోని నిల్వ తరగాలి, పైనుంచి ఇంకే నీరు పెరగాలి, లేదా ఏటికి చేరే ఊట తగ్గాలి. మొదట నిల్వే ఖర్చవుతుంది కనుక ఏటికేమీ కానట్టే ఉంటుంది. బోరు చుట్టూ నీటిమట్టం గిన్నెలా దిగి, ఆ గిన్నె అంచు ఏటిదాకా పాకాక ఊట తగ్గుతుంది. ఇంకా తోడితే ఏటి నీరే నేలలోకి దిగుతుంది. ఒకే రకం నేలలో బోరు రెండింతల దూరంలో ఉంటే ఆ దెబ్బ తగలడానికి సుమారు నాలుగింతల కాలం పడుతుంది. మోటారు ఆపినా వెంటనే మానదు. అందుకే దూరపు బోరు ఏటికి హాని చేయదన్న నమ్మకం ప్రమాదకరం.

చెక్‌డ్యాములు, ఇంకుడు గుంతలతో నీళ్లు ఇంకిస్తే సరిపోదా అంటారు. ఇంకించాల్సిందే. కానీ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం లాంటి చోట ఎగువన ఆపిన నీటిలో కొంత, దిగువ చెరువుకు చేరాల్సినదే. బోరే దిక్కైన రైతును తోడొద్దనడం అన్యాయం కాదా అన్నది బరువైన ప్రశ్న. తోడొద్దని కాదు, వేసవిలో ఏటికి ఎంత ఊట మిగలాలో ముందు తేల్చుకుని, మిగతాది పంచుకోవాలని. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) బోర్లపై నియంత్రణ తెచ్చింది. కానీ ఒక్కో బోరుకు విడిగా అనుమతి చూస్తే చాలదు, ఏటి పరీవాహకంలోని బోర్లన్నీ కలిపి ఎంత తోడుతున్నాయో చూడాలి. అది అసాధ్యమేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో రైతులే భూగర్భజలాన్ని చూసుకునేలా నడిచిన ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ పథకంలో వాళ్లే వాననూ బోర్ల నీటిమట్టాన్నీ కొలిచి, రబీకి ముందు ఊరి నీటి లెక్క వేసుకున్నారు. మన ఊళ్లలో మళ్లీ ఆ లెక్కకు కూర్చుందాం. ఏటి వాటాను మొదటి పద్దుగా రాద్దాం.