హెలికాప్టర్ మెకానిక్కు ఏం చేస్తాడు?

మన హాస్టల్లో ఎవరిని అడిగినా హెలికాప్టర్ నడిపేది పైలట్ అని చెప్తారు. మరి అది ఎగరడానికి ముందు దాన్ని తయారు చేసేది ఎవరు? నాకూ తెలీదు. మొన్న డిసెంబరు 4న నేవీ దినోత్సవం నాడు మన స్కూలుకి వచ్చిన పెద్దాయన చెప్పాక తెలిసింది. ఆ రోజు మైకు సరిగ్గా పనిచెయ్యలేదు. వెనక కూర్చున్నవాళ్ళకి ఏమీ వినబడలేదని చాలామంది నన్ను అడిగారు. అందుకని నేను నోటుబుక్కులో రాసుకున్నది, తర్వాత సైన్సు మాస్టారిని అడిగి తెలుసుకున్నది కలిపి రాస్తున్నాను.

ఆయన మన సైన్సు మాస్టారికి చిన్నాన్న వరస. ఉద్దానంలో వజ్రపుకొత్తూరు మండలం, సముద్రం ఒడ్డు ఊరు. మేము సార్, సార్ అంటే, "సార్ ఏటమ్మా? మీ మాస్టారికి చిన్నాన్నని, మీకూ చిన్నాన్ననే" అన్నారు. అందుకని నేనూ చిన్నాన్న గారు అనే రాస్తాను.

ఆయన పలాసలో ఇంటర్ ఎం.పి.సి. చదివి నేవీలో చేరారు. మొదటి శిక్షణ ఒడిశాలో చిలికా సరస్సు దగ్గర. అక్కడి నేవీ శిక్షణ కేంద్రం పేరు ఐ.ఎన్.ఎస్. చిలికా. పలాసలో రైలెక్కితే ఇచ్ఛాపురం, బరంపురం దాటాక వస్తుంది. తర్వాత కొచ్చిలో విమానాల రిపేరు చదువు. ఆ తర్వాత ఉద్యోగం విశాఖపట్నంలో ఐ.ఎన్.ఎస్. డేగాలో. పేరు చూసి ఓడ అనుకోకండి. అది నేవీ వాళ్ళ విమాన స్థావరం. 1991లో మొదలైంది. డేగ అంటే మనకి తెలిసిన పక్షే.

హెలికాప్టర్ ఎలా లేస్తుంది?

విమానానికి రెక్కలు కదలవు. అది రన్‌వే మీద పరుగెత్తితే రెక్కలకి గాలి తగులుతుంది, అప్పుడు లేస్తుంది. హెలికాప్టర్‌కి రెక్కలే తిరుగుతాయి. అందుకే పరుగెత్తకుండా ఉన్నచోటి నుంచే లేస్తుంది. తిరిగే రెక్కలు గాలిని కిందికి తోస్తాయి. గాలి వాటిని పైకి తోస్తుంది. మనం 9వ తరగతిలో చదువుకున్న న్యూటన్ మూడో నియమం ఇదే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చిన్నాన్న గారు ఆఫీసు గదిలోంచి తిరిగే కుర్చీ తెప్పించారు. ఒక పిల్లని కూర్చోబెట్టి, కాళ్ళు నేలకి ఆనకుండా ఎత్తి, రెండు చేతులూ ఒక్కసారిగా ఎడమవైపు విసరమన్నారు. కుర్చీ కుడివైపు తిరిగింది. అందరూ నవ్వారు. "నవ్వకండి, హెలికాప్టర్ కష్టం ఇదే" అన్నారు ఆయన. పైన రెక్కలు ఒకవైపు తిరిగితే కింద ఉన్న బండి మొత్తం రెండోవైపు తిరిగిపోవాలని చూస్తుంది. దాన్ని ఆపడానికే తోక చివర చిన్న ఫ్యాను పెడతారు. అది పక్కకి తోస్తూ ఉంటుంది కాబట్టి హెలికాప్టర్ తిన్నగా నిలబడుతుంది.

తోక ఫ్యాను లేని హెలికాప్టర్ కూడా నేవీలో ఉంది. దాని పేరు కామోవ్. రష్యా దేశం తయారీ. దానికి పైన ఒకదాని మీద ఒకటి రెండు ఫ్యాన్లు ఉంటాయి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి తిరుగుతాయి. కాబట్టి ఒకదానికొకటి సరిపోతాయి.

గాలిలో ఇంజను ఆగిపోతే రాయిలాగ పడిపోతుందా అని నేనే అడిగాను. పడదట. కిందికి దిగేటప్పుడు గాలి కింది నుంచి తగిలి రెక్కల్ని తిప్పుతూనే ఉంటుంది. మన కొండ మీద రెక్కలున్న గింజలు చెట్టు నుంచి గిరగిరా తిరుగుతూ మెల్లగా దిగుతాయి చూడండి, ఇంచుమించు అలాగ. పైలట్ ఆ తిరుగుడుని జాగ్రత్తగా వాడుకుని నేల మీద దించుతాడు. దీన్ని పైలట్లకి ప్రత్యేకంగా నేర్పుతారు.

మెకానిక్కు పని

చిన్నాన్న గారు మొదట చేతక్ మీద పనిచేశారు. అది ఫ్రాన్సు వాళ్ళ నమూనాతో మన దేశంలోనే హెచ్.ఏ.ఎల్. కంపెనీ చేసిన చిన్న హెలికాప్టర్. ఒక్కటే ఇంజను, పైన మూడు రెక్కలు. తర్వాత యూహెచ్-3హెచ్ అనే పెద్దదాని మీద పనిచేశారు. దానికి రెండు ఇంజన్లు, అయిదు రెక్కలు. ఇవి 2007లో అమెరికా నుంచి జలాశ్వ అనే ఓడతో పాటు మన నేవీకి వచ్చాయి. 2009 నుంచి డేగాలో ఒక దళంగా ఉండేవి. సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్ళని తాడుతో పైకి లాగడం వీటి పనుల్లో ఒకటి. మన కొండ ఊళ్ళల్లో దారి లేక జ్వరం మనిషిని డోలీలో మోస్తాము కదా, సముద్రంలో డోలీ మోసేది హెలికాప్టరే అని నాకు అనిపించింది. 2024 జూన్ 28న యూహెచ్-3హెచ్‌లకి వీడ్కోలు చెప్పారు. అప్పటికే చిన్నాన్న గారు రిటైరయ్యారు. పేపర్లో వచ్చిన ఫొటో కత్తిరించి డైరీలో దాచుకున్నారు. మాకు చూపించారు.

మెకానిక్కు పొద్దున్నే చేసే మొదటి పని ఏమిటో చెప్పండి? రిపేరు కాదు, ఏరడం! అందరూ వరసగా నిలబడి తల వంచుకుని నేల చూసుకుంటూ నడుస్తారు. చిన్న రాయి, మేకు, వైరు ముక్క ఏది కనిపించినా ఏరేస్తారు. అది ఇంజను లోపలికి పోతే ఇంజను పాడైపోతుంది. మనం ఆదివారం గ్రౌండులో కాగితాలు ఏరేటప్పుడు సణుక్కుంటాము. అక్కడ పెద్ద ఆఫీసర్లు కూడా వరసలో నడుస్తారట.

రెండో పని కడగడం. ఉద్దానం తీరంలో సైకిల్ గొలుసు, తలుపు మడతబందులు ఎంత తొందరగా తుప్పు పడతాయో అక్కడివాళ్ళకి తెలుసు. ఉప్పు గాలి ఇనుముని తినేస్తుంది. సముద్రం మీద ఎగిరొచ్చిన హెలికాప్టర్ని మంచినీళ్ళతో కడగాలి. ఇంజను లోపల కూడా కడుగుతారు. తర్వాత టార్చిలైటు వేసి తుప్పు, పగులు ఏమైనా ఉన్నాయా అని మూలమూలా చూస్తారు.

మూడోది బిగించడం. హెలికాప్టర్ ఎప్పుడూ వణుకుతూ ఉంటుంది. వణికితే నట్లు వదులవుతాయి. అందుకని నట్టు బిగించాక దాని కన్నంలోంచి సన్న తీగ దూర్చి, నట్టు వెనక్కి తిరగకుండా మెలిపెట్టి కడతారు. "బిగించీసాను అనుకోకూడదు తల్లీ, చెయ్యి పెట్టి చూడాలి" అన్నారు చిన్నాన్న గారు.

నాలుగోది లెక్కపెట్టడం. పానాలు, స్క్రూడ్రైవర్లు అన్నింటికీ పెట్టెలో విడివిడిగా చోటు ఉంటుంది. పని అయ్యాక ఒక చోటు ఖాళీగా ఉంటే హెలికాప్టర్ ఎగరదు. అది దొరికేవరకు అందరూ వెతకాలి. ఎందుకంటే అది లోపల పడి ఉంటే రెక్కల్ని కదిపే కడ్డీలకి అడ్డం పడొచ్చు. ఆఖరికి పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ సంతకం చూసి పైలట్ ఎక్కుతాడు. ఎక్కేముందు తనూ చుట్టూ తిరిగి చూసుకుంటాడు.

నా తప్పు

ఇది విన్నప్పుడు నాకు భయం వేసింది. ఎందుకో రాస్తాను. కిందటి వేసవి సెలవుల్లో మా అన్నయ్య సైకిల్ ముందు చక్రం నేనే తీసి పంచరు వేయించి మళ్ళీ బిగించాను. ఒకవైపు నట్టు చేత్తో తిప్పి, తర్వాత పానాతో బిగిద్దాములే అని మర్చిపోయాను. అన్నయ్య పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకి పనికి వెళ్తూ మా ఊరి దిగువలో పడ్డాడు. చెయ్యి విరిగింది. నెలన్నర కూలి పోయింది. అందరూ దారి బాగోలేదు అన్నారు. నేను కూడా అవును అన్నాను.

చిన్నాన్న గారిని లేచి అడిగాను, ఎవరైనా పానా పోగొట్టి చెప్పకపోతే ఏం చేస్తారని. ఆయన ఇలా చెప్పారు: "పోయిందని చెప్పినవాణ్ణి మేము కొట్టము. చెప్పినందుకు మెచ్చుకుంటాము కూడాను. దాచినవాణ్ణి మాత్రం మళ్ళీ హెలికాప్టర్ ముట్టనివ్వము."

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు అన్నయ్యకి నిజం చెప్పాను. చాలా తిట్టాడు. ఆ రోజంతా మాట్లాడలేదు. మర్నాడు పానా నా చేతికిచ్చి, రెండు చక్రాల నట్లూ చూడమన్నాడు.

తిత్లీ రోజు

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. అప్పుడు నేను రెండో తరగతి. మా ఇంటి రేకులు లేచిపోయాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వరసగా పడిపోయాయి. ఆ తర్వాత ఒక రోజు మా ఊరి మీద నుంచి హెలికాప్టర్ వెళ్తే పిల్లలందరం దాని వెనకాల పరుగెత్తి చేతులు ఊపాము.

ఆ రోజుల్లో చిన్నాన్న గారు డేగాలో డ్యూటీలో ఉన్నారు. సాయానికి పిలిస్తే వెళ్ళడానికి హెలికాప్టర్లని సిద్ధం చేస్తున్నారు. తుఫాను పడింది ఆయన ఊళ్ళోనే. ఇంటికి ఫోను కలవలేదు. పిల్లలు ఎలా ఉన్నారో తెలీదు. "ఆ రోజు నా సంతకాన్ని నేనే నమ్మలేదమ్మా. మనసు ఇక్కడ ఉంది, చెయ్యి అక్కడ ఉంది. అందుకని నేను చూసిందంతా ఇంకొకడి చేత మళ్ళీ చూపించాను" అన్నారు. మూడో రోజుకి ఇంట్లో అందరూ బాగున్నారని కబురు వచ్చింది. కొబ్బరి చెట్లు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

జీతం లేని పైలట్

రిటైరయ్యాక చిన్నాన్న గారు వచ్చిన డబ్బులో కొంత పెట్టి విమానం నడపడం నేర్చుకున్నారు. దాన్ని ప్రైవేటు పైలట్ లైసెన్సు అంటారు. దానికి 17 ఏళ్ళు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి, డాక్టరు పరీక్షలో నెగ్గాలి, రాత పరీక్షలు రాయాలి, కనీసం 40 గంటలు ఎగరాలి. అందులో కొన్ని గంటలు పక్కన ఎవరూ లేకుండా ఒక్కరే నడపాలి. మన దేశంలో మొదటి పైలట్ లైసెన్సు 1929 ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటా తీసుకున్నారు. ఈ లైసెన్సుతో డబ్బులు తీసుకుని విమానం నడపకూడదు. ఉద్యోగానికి వేరే లైసెన్సు ఉంది, దానికి 200 గంటలు ఎగరాలి.

"జీతం రాకపోతే ఎందుకండీ?" అని ఒకమ్మాయి అడిగింది. "మా ఇంటావిడా అదే అడిగింది. మరి మీరు రాత్రి పాటలు పాడుకుంటారు కదా, ఎవరు జీతం ఇస్తున్నారు?" అన్నారు ఆయన. ఇరవై ఏళ్ళు ఎవరో ఎగరడానికి నట్లు బిగించాను, ఒక్కసారి నేను బిగించినట్టే ఇంకొకరు బిగించినదాన్ని నమ్మి పైకి వెళ్ళి చూడాలనిపించింది అన్నారు.

మనకి కుదురుతుందా?

ఇదే అసలు సంగతి. ఒకప్పుడు నావికుల్లో ఆడవాళ్ళని చేర్చుకునేవారు కాదు. 2023 మార్చిలో చిలికాలో శిక్షణ పూర్తి చేసుకున్న అగ్నివీర్లలో ఆడపిల్లలు కూడా ఉన్నారు. 2020 సెప్టెంబరులో యుద్ధనౌకల మీది హెలికాప్టర్లలో పనిచెయ్యడానికి ఇద్దరు మహిళా ఆఫీసర్లు ఎంపికయ్యారు. వాళ్ళలో రితీ సింగ్ గారిది హైదరాబాదు. మన పక్క రాష్ట్రం ఒడిశాలో మల్కనగిరి నుంచి అనుప్రియ లక్రా అనే ఆదివాసీ అమ్మాయి 2019లో విమాన పైలట్ అయ్యింది. వాళ్ళ నాన్న పోలీసు శాఖలో చిన్న ఉద్యోగి.

ఇంటర్ చదివి ఇలాంటి సాంకేతిక పనుల్లో నావికురాలిగా చేరాలంటే ఇంటర్లో గణితం, ఫిజిక్స్ ఉండాలి. మనలో చాలామంది లెక్కలంటే భయపడి, ఆడపిల్లలకి నర్సింగు మంచిదని బై.పి.సి. అనుకుంటున్నాము. నర్సింగు మంచిదే. కానీ భయపడి తీసుకోవడం వేరు, ఇష్టపడి తీసుకోవడం వేరు. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. ఏ గ్రూపు తీసుకోవాలో ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు. నాలాంటి వాళ్ళు ఇక్కడ సగం మందైనా ఉంటారు. అందుకే ఇంత వివరంగా రాశాను.

చివరిగా వార్డెన్ మేడం గారికి ఒక మనవి. మన బోరు మోటారు పాడైనప్పుడు బాగుచేసే మనిషి వస్తే మమ్మల్ని అటు రానివ్వరు. దెబ్బలు తగులుతాయని మీ భయం, అది మాకు తెలుసు. ఈసారి ఇద్దరేసి అమ్మాయిలని దూరంగా నిలబడి చూడనివ్వండి. కరెంటు తీశాకనే చూస్తాము. ఆయన పానాలు లెక్కపెట్టి పెట్టెలో పెట్టే పని మేము చేస్తాము. ఒక్కటి తగ్గినా మీకు చెప్తాము.

– 9వ తరగతి విద్యార్థిని