గుప్పెడు గూడు... తాడే తోడు!

పటికబెల్లం వేసి, సన్నసెగ మీద ఆవిరితో ఉడికించిన సూపు. చూడ్డానికి పాలు పోయని సగ్గుబియ్యం జావలా ఉంటుంది. దానికంటూ రుచీ పచీ పెద్దగా ఉండదు. అయినా చైనావాళ్ళ విందుల్లో అది ఉందంటే ఆ ఇంటివాళ్ళు కలిగినవాళ్ళన్నమాట! గర్భిణులకు బలమని కూడా వాళ్ళ నమ్మకం. ఇంతకీ అది దేంతో చేస్తారో తెలుసా? పిట్ట ఉమ్మితో!

ఛీ అని ముక్కు మూసుకోకండి. మనం లొట్టలేసుకుంటూ తినే తేనె మాత్రం ఈగ నోట్లోంచి వచ్చిందే కదూ!

ఆ పిట్టని ఇంగ్లీషులో స్విఫ్ట్‌లెట్ అంటారు. మన పిచ్చుక కంటే కూడా తేలిక. గడ్డీ పుల్లా ఏరదు. నోట్లో ఊరే జిగురునే దారంలా రాతికి అంటిస్తూ, నెల రోజులకు పైగా పాటుపడి అరచేతిలో పట్టేంత చిన్న దోనె కడుతుంది. ఒక్కో గూడు పది గ్రాములు తూగడం గగనం. కిలో కావాలంటే వంద గూళ్ళ పైమాటే. అదీ ఎక్కడ కడుతుందనుకున్నారు? సముద్రపు ఒడ్డు గుహల్లో, కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో, పైకప్పు దగ్గర! 'టిక్ టిక్'మని చప్పుడు చేస్తూ, దాని ప్రతిధ్వనిని బట్టి దారి పోల్చుకుంటుంది. గబ్బిలం చేసేదీ ఇదే. కాకపోతే ఈ పిట్ట చప్పుడు మన చెవికీ వినిపిస్తుంది.

థాయిలాండులో ఫీఫీ లే అని చిన్న ద్వీపం ఉంది. నీళ్ళలోంచి గోడల్లా లేచిన సున్నపురాతి కొండలు. అక్కడి 'వైకింగ్ గుహ'కి గోడ మీది ఓడ బొమ్మల వల్ల ఆ పేరొచ్చింది గానీ, వైకింగులు అక్కడికి వచ్చిందీ లేదు, పోయిందీ లేదు. యాత్రికులు పడవలో కూర్చుని బయటినుంచి చూడాల్సిందే. గూళ్ళు కోసుకునే హక్కును ప్రభుత్వం గుత్తకిస్తుంది. గుత్తదారులు తుపాకులతో కాపలా పెట్టుకుంటారు. ఒక్క కిలో వెయ్యి డాలర్లు దాటడం మామూలే మరి!

లోపల వెదురు గెడ మీద గెడ నిలిపి, తాళ్ళతో, అడవితీగలతో బిగించి, రాతి కొమ్ములకి ముడేస్తారు. నూతిలో చేద వేసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, తాడు తెగేది గిలక మీద ఒరుసుకునే చోటే. గుహలోనూ అంతే, రాతి అంచే దాని శత్రువు. సరదాకి గుహల్లో దిగే ఈ కాలంవాళ్ళయితే అక్కడ తాడుకి మందపాటి గుడ్డ తొడుగుతారు. పైగా తేమ, ఉప్పుగాలి. నిరుడు బాగున్న తాడు ఈ ఏడు చివికిపోయి ఉండొచ్చు. అందుకే ఏటా కోత మొదలుకాకముందే అంతా పరీక్షించి, పాడైనవి మారుస్తారు.

1980ల చివర్లో ఎరిక్ వల్లీ, డయాన్ సమ్మర్స్ ఆ గూళ్ళవాళ్ళతో కలిసి గుహల్లో తిరిగి ఫోటోలు తీశారు. వాటిని చూస్తే గుండె గుభేలుమంటుంది. ఉత్తి కాళ్ళు. పళ్ళ మధ్య కరచిపట్టిన దివిటీ, చేతులు రెండూ పట్టుకే కావాలి కదా! గూడు ఊడదీయడానికి 'రడా' అనే మూడు పళ్ళ చిన్న పనిముట్టు. ఎక్కబోయే ముందు వెదురును తట్టి, మోతని బట్టి మంచిచెడ్డలు తేల్చుకుంటారు. మనం కొబ్బరికాయ తట్టినట్టే, కాకపోతే ఇక్కడ పొరపడితే ప్రాణమే పోతుంది.

వీళ్ళకో పాత కట్టుబాటుంది. గుడ్లు పెట్టకముందు మొదటి గూడు తీస్తారు. పిట్ట మళ్ళీ కడుతుంది. చివరికి ఒక గూడు మాత్రం పిల్లలు ఎగిరిపోయేదాకా ముట్టకూడదు. ఆశ పుట్టినచోట ఈ కట్టుబాటు గాలికిపోయింది. గుడ్లనీ పిల్లల్నీ కింద పారేసి గూళ్ళు పీకారు.

అదే సముద్రానికి ఇవతలి ఒడ్డు మన అండమాన్. శ్రీకాకుళం, విశాఖ వైపునుంచి వెళ్ళి స్థిరపడ్డ తెలుగువాళ్ళు అక్కడ ఎందరో! ఈ పిట్టని అక్కడ హవాబిల్ అంటారు. ఉత్తర అండమాన్‌లో రామ్‌నగర్ దగ్గర 'చాలీస్ ఏక్', అంటే నలభయ్యొక్క గుహలు, దాని నివాసం. దొంగతనంగా గూళ్ళు పీకేవాళ్ళ వల్ల పిట్ట రానురాను అరుదైపోయింది. 1990ల్లో కోయంబత్తూరు సలీం అలీ పక్షి కేంద్రానికి చెందిన రవి శంకరన్ గుహ గుహా తిరిగి ఆ సంగతి లెక్కకట్టారు. తర్వాత అటవీశాఖతో కలిసి ఆయన చేసిన పని వింటే ముచ్చటేస్తుంది. గూళ్ళు పీకేవాళ్ళనే కాపలా పెట్టారు! ఏ గుహకి ఎటునుంచి దారి, తాడు ఏ రాతికి కట్టాలి అన్నది వాళ్ళకంటే ఎవరికి తెలుసు చెప్పండి? ఆయన 2009లో కన్నుమూశారు.

ఇప్పుడు బజారుకొచ్చే గూళ్ళలో ఎక్కువ భాగం గుహలవి కావు. ఇండోనేషియా, మలేషియాల్లో చీకటి గదులతో సిమెంటు మేడలు కట్టి, రికార్డు చేసిన పిట్ట కూతలు వినిపించి రప్పిస్తున్నారు. అక్కడ నిచ్చెన చాలు. కానీ గూడు ఎక్కడిదైనా నీళ్ళలో నానబెట్టి, అంటుకున్న సన్నటి ఈకల్ని చిన్న పట్టకారుతో ఒక్కొక్కటే లాగాలి. బియ్యంలో మెరికలు ఏరడం దీని ముందు హాయి. దీపం కింద తలవంచుకు కూర్చుని గంటల తరబడి ఆ పని చేసేది చాలావరకు ఆడవాళ్ళే.