ఆపేవాడికి అండ ఎవరు?

విజయవాడ నుంచి బందరు రోడ్డున కంకిపాడు దాటితే వరి చేలు, రైస్ మిల్లులు, ఇంకొంచెం ముందుకెళ్తే ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ. మిల్లులో ఎలివేటరుకు ధాన్యం అడ్డుపడిందనుకోండి. మోటారు ఆపకుండానే చెయ్యి పెట్టి లాగుతాడు ఓ కుర్రాడు. మెడలో తువ్వాలు వేలాడుతూ ఉంటుంది, పక్కనే బెల్టు తిరుగుతూ ఉంటుంది. ఆపితే లైను మళ్లీ అందుకునేదాకా మేస్త్రీ ఊరుకోడని అతని భయం. పదిమంది పనిచేసే మిల్లయినా, వేలమంది ఉన్న కంపెనీ అయినా ప్రమాదం ఆ భయం దగ్గరే మొదలవుతుంది.

అపోహ: ప్రమాదాలన్నీ కార్మికుల అజాగ్రత్త వల్లే.

వాస్తవం: నూటికి 88 ప్రమాదాలు మనుషుల తప్పిదాలేనని 1931లో అమెరికా బీమా ఉద్యోగి హైన్‌రిచ్ రాశాడు. ఆయన చూసినవి ఎక్కువగా యాజమాన్యాలు, సూపర్‌వైజర్లు నింపిన కాగితాలు. వాటిలో తమ తప్పు ఎవరు రాసుకుంటారు? తిరిగే యంత్రం దగ్గర పని తప్పనిసరైతే ప్రత్యేక శిక్షణ ఉన్నవాడే, ఒంటికి బిగుతైన దుస్తులతో చెయ్యాలనీ, ఆ దుస్తులు యజమానే ఇవ్వాలనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. అంటే తువ్వాలు తప్పు కుర్రాడి ఒక్కడిదే కాదు.

అపోహ: హెల్మెట్, గ్లవ్స్ ఇస్తే భద్రత వచ్చినట్టే.

వాస్తవం: అవి ఆఖరి అడ్డు మాత్రమే. ముందు ప్రమాదాన్నే తీసెయ్యాలి. కుదరకపోతే బెల్టుకు జాలీ, దుమ్ము లాగే ఫ్యాను లాంటి ఏర్పాట్లు చెయ్యాలి. ఆ తర్వాత పని పద్ధతి, చివరికి గ్లవ్స్. మన దగ్గర చాలాచోట్ల ఈ వరస తలకిందులు.

అపోహ: ఇన్నేళ్లలో ఏమీ కాలేదు కాబట్టి అంతా బాగున్నట్టే.

వాస్తవం: 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగునే కొలిచారనీ, పైపొర వేడెక్కినా తెలియలేదనీ ప్రభుత్వ హైపవర్ కమిటీ తేల్చింది. సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉన్నా వాడలేదు. అక్కడ పైవేడి కిందనున్న మీటరుకు అందలేదు. పెద్ద కంపెనీల్లో తరచూ జరిగేది దీనికి తిరగేసిన కథ: కిందివాళ్లకు తగిలే వేడి పైవాళ్లకు అందదు. 'త్రుటిలో తప్పింది' అన్న ఫిర్యాదు ఒక్కటీ రాని చోట ప్రమాదాలు లేవనుకోకూడదు, నోళ్లు మూతపడ్డాయేమో చూసుకోవాలి.

అపోహ: కాంట్రాక్టు కూలీల సంగతి కాంట్రాక్టరే చూసుకోవాలి.

వాస్తవం: కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాడూ కార్మికుడేనని 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం నిర్వచనంలోనే చెప్పింది. 2022 ఏప్రిల్ 13 రాత్రి ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెం రసాయన ఫ్యాక్టరీ ప్రమాదంలో ఆరుగురు చనిపోతే, వారిలో నలుగురు బీహారు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు. తెలుగు రానివాడికి తెలుగు బోర్డు ఏం చెబుతుంది? శిక్షణ అతని భాషలోనే ఇవ్వాలి, పనిలో దిగకముందే ఇవ్వాలి.

అపోహ: భద్రత సేఫ్టీ ఆఫీసరు పని. పైగా దండగ ఖర్చు.

వాస్తవం: 1987లో అమెరికా అల్యూమినియం కంపెనీ అల్కోవా అధిపతిగా వచ్చిన పాల్ ఓనీల్ ఇన్వెస్టర్లతో మొదటి సమావేశంలో లాభాల ఊసెత్తకుండా కార్మికుల భద్రత గురించి మాట్లాడాడు. వాళ్లు బెదిరిపోయారు. 2000లో ఆయన దిగిపోయేనాటికి గాయాలు బాగా తగ్గాయి, లాభాలు ఎన్నో రెట్లు పెరిగాయి. దెబ్బ ఎందుకు తగిలిందని తవ్వితే పనిలోని లోపాలన్నీ బయటపడతాయి మరి.

ముంచుకొస్తున్న ప్రమాదం గురించి యాజమాన్యాన్ని హెచ్చరించే హక్కు ప్రమాదకర ప్రక్రియలుండే ఫ్యాక్టరీల్లో కార్మికుడికి ఫ్యాక్టరీల చట్టం 1987 సవరణతోనే వచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త భద్రతా కోడ్‌లోనూ ఉంది. హక్కు కాగితం మీదుంటే సరిపోదు. అయ్యా, మేనేజరు గారూ! ఈసారి మోటారు ఆపిన కుర్రాడిని ఎందుకాపావని గద్దించకండి. ఏం చూసి ఆపావని అడగండి. మీ కంపెనీ భద్రత ఎంతో ఆ జవాబే చెబుతుంది.