తల ఉండాల్సిన చోట తామర

జోగులాంబ దర్శనానికి అలంపూర్ వచ్చేవాళ్లలో చాలామందిది ఒకటే తొందర. అమ్మవారిని, బాలబ్రహ్మేశ్వరుణ్ని చూసుకుని చీకటి పడకముందే కర్నూలు చేరాలి. ఆ గుళ్ల పక్కనే ఉన్న పురావస్తు ప్రదర్శనశాల గడప తొక్కేవాళ్లు తక్కువ. దాన్ని చూడకుండా వెనుదిరిగితే సగం అలంపూర్‌ను వదిలేసినట్టేనని నా గట్టి నమ్మకం.

అక్కడి లజ్జాగౌరి ముందు నిలబడి చూడండి. మోకాళ్లు మడిచి, తొడలు విప్పి, ప్రసవ భంగిమలో ఉన్న స్త్రీమూర్తి. తల ఉండాల్సిన చోట విచ్చుకున్న తామరపువ్వు. ముఖం లేదు కాబట్టి ఆమె ఫలానా రాణి అనో, ఫలానా దేవత అనో గుర్తుపట్టలేం. సృష్టిని మోసే శరీరం ఒక్కటే మిగిలింది. తనకు కావాల్సింది ఉంచుకుని మిగతాదంతా తీసేయడానికి శిల్పికి ఎంత ధైర్యం కావాలి! ఇరవయ్యో శతాబ్దపు ఆధునిక శిల్పులు చేసిందీ ఇదే. బ్రాంకుసి తన పక్షి శిల్పంలో రెక్కలూ ఈకలూ తీసేసి, పైకి ఎగసే ఊపును మాత్రం ఉంచాడు. అతనికంటే వెయ్యేళ్లకు పైగా ముందే తుంగభద్ర ఒడ్డున ఒక శిల్పి ఆ పని చేశాడు. అతని పేరు మనకు దక్కలేదు.

ఈ మూర్తి మీద కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ 1956లోనే ప్రత్యేకంగా వ్యాసం రాశారు. అయితే పండితుల కంటే ముందే ఈ తల్లిని ఎరిగినవాళ్లు బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు. వాళ్లకు ఆ రూపంలో సిగ్గుపడాల్సింది ఏమీ కనిపించలేదు. మనమూ పిల్లల్ని చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్లకుండా, వాళ్లడిగే ప్రశ్నలకు నిదానంగా జవాబు చెప్పాలి.

ఆధునిక కళ కోసం జనం జపాన్‌లోని నవోషిమా దీవికి పడవెక్కి వెళ్తారు. టెక్సస్ ఎడారిలోని మార్ఫా అనే చిన్న ఊరికి గంటల తరబడి కారు నడుపుకుంటూ పోతారు. అలంపూర్‌కు అంత ప్రయాస అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే జాతీయ రహదారి మీద అలంపూర్ చౌరస్తాలో మలుపు తిరిగితే చాలు.

ప్రదర్శనశాల 1952లో ఏర్పడింది. ఆ మరుసటి ఏడాదే ఈ ఊళ్లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు జరిగితే సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. ఆ రోజుల అలంపూర్‌ను తలుచుకుంటే ముందు గుర్తొచ్చే పేరు గడియారం రామకృష్ణ శర్మ. ఇక్కడి శాసనాల కోసం, ఆలయాల కోసం జీవితమంతా పాటుపడ్డ పండితుడు. ఆయన ఆత్మకథ ‘శతపత్రము’కు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు.

శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు ఈ ప్రాంతాన్ని ముంచుతాయని తేలినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. పాపనాశి గుళ్లనూ అలాగే తరలించారు. ఊరికి అడ్డంగా రక్షణ కట్ట కట్టారు. అయినా 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర ఊళ్లోకి వచ్చేసింది. ఇన్ని గండాలు దాటిన రాళ్ల మధ్య మనం అరగంట కూడా నిలబడలేమా?

నా సలహా ఒక్కటే. ముందు ప్రదర్శనశాల చూడండి, తర్వాత గుళ్లకు వెళ్లండి. సప్తమాతృకలనూ మహిషాసురమర్దినినీ ముఖాముఖి చూసిన కళ్లు, బయట స్వర్గబ్రహ్మ గోడల మీది బొమ్మల్ని ఊరికే దాటిపోవు. ఏడో శతాబ్దం చివర, వినయాదిత్యుడి కాలంలో కట్టిన గుడి అది. ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళ ఎర్రటి ఇసుకరాయిలో ప్రతి గీతా లేచి కనబడుతుంది. విశ్వబ్రహ్మ దగ్గర పంచతంత్రం కథలు రాతిలోకి ఎక్కాయి. మొసలి వీపు మీద కోతిని పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బడుల పిల్లల్ని ఏడాదికి ఒక్క పూటైనా ఇక్కడికి తీసుకురావాలి. ఫొటోలు తీయించి బస్సెక్కించడం కాదు. ఒక్కొక్కరికి కాగితం, పెన్సిలు ఇచ్చి, నచ్చిన బొమ్మ ముందు కూర్చోబెట్టి గీయమనాలి. ప్రతి శిల్పం పక్కనా వాళ్లకు అర్థమయ్యే తెలుగులో నాలుగు వాక్యాలుండాలి. పక్కన నిలబడి కథ చెప్పడానికి ఊళ్లోని పెద్దవాళ్లను పిలిస్తే ఇంకా మంచిది.